శ్రావణ శుక్రవారం నిప్పు

మా పూటకూళ్ల ఇంటికి ఒకటే షరతు. రేవు దాటి వచ్చినవాడు గాని, దాటబోయేవాడు గాని ఆకలితో మా గడప దిగి వెళ్లకూడదు. రెండు పూటలా పొయ్యి వెలగాలి. ఏ పూటైనా వెలగలేదా, ఇల్లు ఖాళీ చేసి మేం వెళ్లిపోవాలి. ఊరి పెద్దలు నలుగురు మా అత్తగారినీ నన్నూ ఎదుట నిలబెట్టి ఈ మాట చెప్పి, గట్టు మీద తాటాకిల్లు మాకు అప్పజెప్పారు.

వెళ్లిపోవడమంటే ఎక్కడికో కూడా చెప్పాలి. మా బావగారింటికి. నా భర్త పోయాక ఏడాదిన్నర మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఇద్దరమూ విధవలమే. ఆవిడకి అరవై దాటాయి, నాకు ఇరవై నాలుగు. ఆ ఇంట్లో పద్దెనిమిది మందికి వండి వార్చేదాన్ని. అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగిలితే అదే మా భోజనం. అత్తగారు ఆయనకి కన్నతల్లి. అయినా ఆవిడ విస్తట్లో పెరుగు పడేది కాదు. ముసలిదానికి కఫం చేస్తుందని తోడికోడలు సాకు చెప్పేది. ఒకనాడు విస్తట్లో మజ్జిగతేట చూసుకుని ఆవిడ నాతో మెల్లిగా, "ఎలాగూ వండడమే కదుటే, ఇంకెక్కడైనా వండుకుందాం" అంది. మా వ్యాపారానికి మొదలు అది.

ఇల్లు జొన్నాడకి ఎదురుగా, గోదావరికి ఇవతలి ఒడ్డున, రేవు పక్కనే ఉండేది. ధవళేశ్వరంలో ఆనకట్ట లేస్తున్న రోజులవి. సీమంతా కాలవలు తవ్వుతున్నారు. అమలాపురం నుంచీ రాజోలు నుంచీ రాజమహేంద్రవరం కచేరీకి పోయే గుమాస్తాలు, వ్యాజ్యాలవాళ్లు, పెళ్లిళ్లు కుదర్చడానికి తిరిగేవాళ్లు, వేదపండితులు, ఊరికే తిరిగేవాళ్లు, అందరూ మా ముందునుంచే నడవాలి. ఎప్పుడు ఎంతమంది దిగుతారో తెలియదు. ఒక పూట నలుగురు, ఒక పూట ముప్ఫైమంది. వండడం నాకు కష్టం కాలేదు. వండడానికి సరుకు ఇంట్లో ఉండేలా చూడడమే కష్టమని మొదటి ఏడే తెలిసింది.

మొదటి ఏడు నాకు బుద్ధి లేదు. సర్వమూ ఒక్క పడవ సరంగు మీద పెట్టేశాను. బియ్యం, పప్పు, చింతపండు, కట్టెలు అన్నీ అతనే తెచ్చేవాడు. మంచివాడు, మాట తప్పడు. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. మాట తప్పనివాడి పడవకి తాడు తెగింది. ఆరు రోజులు అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. అయిదో రోజుకి నా బియ్యం కుండ అడుగు కనబడింది. ఆ పూట నూకలు కాచి, గంజి అనడానికి సిగ్గేసి జావ అని పేరు పెట్టి వడ్డించాను. రాజోలు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన సగం తాగి లేచి, చేయి కడుక్కుని, నేరుగా ఊళ్లోకి వెళ్లాడు. మర్నాడు పెద్దలు నలుగురూ వచ్చారు. పొయ్యి వెలిగింది గనక ఈసారికి ఊరుకుంటున్నామన్నారు. మళ్లీసారి అనే మాట ఉండదన్నారు. అత్తగారు వాళ్ల ముందు తల వంచుకుని నిలబడింది.  వాళ్లంటే భయపడి కాదు, బావగారి పెరట్లో గిన్నెల గుట్ట గుర్తొచ్చి.

ఆ రోజునుంచి నాకు పిచ్చి పట్టిందనే అనాలి. దేనికైనా ముగ్గురు ఉండాలని పట్టుబట్టాను. బియ్యం కొత్తపేట నుంచి ఒకరు, మా ఊరి కమతం నుంచి ఒకరు, అవతలి ఒడ్డు నుంచి ఒకరు. ముగ్గురిదీ మూడు దారులు. ఒకటి కాలిబాట, ఒకటి బండిబాట, ఒకటి నీటిదారి. ఏ దారి మూసుకుపోయినా మిగతా రెండూ ఉంటాయి. చింతపండు మన్యం నుంచి పడవల మీద దిగుతుంది గనక ఏడాదికి సరిపడా ఒకేసారి ఉప్పు కలిపి కుండల్లో కూరాను. పప్పు ఎండబెట్టి, వేపాకు వేసి, అటక మీదకి ఎక్కించాను. కట్టెలు సగం అటక మీద, సగం పెరట్లో కొబ్బరి మట్టల కింద. కొబ్బరి పీచు, డొక్కలు వేరే బుట్టలో. అరిటాకులకి లంకలో పడవ మీద బతికే ఒక ఆడమనిషిని మాట్లాడాను. రోజు విడిచి రోజు నెత్తిన మోపుతో వచ్చేది. ఆకు దొరక్కపోతే ఉండనీ అని ఎండు విస్తళ్లు వందలకట్టలు కుట్టి పెట్టాను.

నా వరస చూసి అత్తగారు నవ్వేది. ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ, "ఒక్కణ్ణే నమ్ముకుని చెడ్డావే, మొగుణ్ణి కూడా ముగ్గుర్ని చూసుకోవలసింది" అంది. అని, ఆ ఒక్కడూ తన కొడుకేనని గుర్తొచ్చిందేమో, కొంగు కళ్లకి అద్దుకుంది. నవ్వుతూనే ఏడ్చాం ఇద్దరం. ఇల్లంటూ ఉంటేనే ఇలా నవ్వుకోవడానికీ ఏడ్చుకోవడానికీ చోటుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ శ్రావణంలో జరిగింది ఒకటి చెప్పాలి. అప్పట్లో నేను దాన్ని జరిగిన సంగతి కింద కూడా లెక్కపెట్టలేదు. చివరి శుక్రవారం, ముసురు పట్టిన సాయంత్రం, దేవుడి దగ్గర దీపం పెట్టి అప్పుడే లేచాను. పెరటి గుమ్మం దగ్గర ఆకుల మనిషి నిలబడి ఉంది. చేతిలో చిన్న మట్టి మూకుడు. కొంచెం నిప్పు కావాలంది. కూతురికి పడవలోనే పురుడొచ్చిందనీ, అన్నీ తడిసిపోయాయనీ ఏదో చెప్పబోయింది. శుక్రవారం దీపాలవేళ ఇంట్లోంచి నిప్పు బయటికి ఇవ్వరు. లక్ష్మి నిప్పు వెంట వెళ్లిపోతుందంటారు. నా చిన్నప్పటినుంచీ మా అమ్మ, అమ్మమ్మ అందరూ అంతే, ఎవరైనా అంతే. పూర్తిగా వినకుండానే, "శ్రావణ శుక్రవారం పూట నిప్పేవిటే, తెల్లవారి రా" అన్నాను. "ఆయ్" అంది. వెళ్లిపోయింది.

తెల్లవారి రాలేదు. పది రోజులు ఆకులు కూడా తేలేదు. నాకు ఒళ్లు మండింది. చూశారా, ఒక్క మనిషిని నమ్ముకుంటే ఇంతే అని అత్తగారితో గొప్పగా చెప్పి, లంకలో ఇంకొక ఇంటివాళ్లని కూడా ఆకులకి మాట్లాడాను. పదకొండో రోజున ఆమె మోపుతో వచ్చింది. చెప్పకుండా మానేస్తే మా గతేమిటని నాలుగు దులిపాను. అన్నింటికీ "ఆయ్" అంది, మోపు దించింది, నీళ్లు చల్లింది, వెళ్లింది. ఎందుకు రాలేదో నేను అడగలేదు. నేను అడగలేదన్న మాట ఇప్పుడు రాస్తుంటే చేయి ఆగిపోతోంది.

ఏడాది తిరిగింది. ఈ ఏడాదిలో ఒక్క పూట కూడా నేను తడబడలేదు. కొత్తపేట బండి రాకపోతే కమతం బియ్యం, అది రాకపోతే అవతలి ఒడ్డు బియ్యం. మళ్లీ శ్రావణం వచ్చేసరికి నా అటక చూసుకుని నాకే మురిపెంగా ఉండేది. గోదావరి రావాలంటే రానీ అనుకున్నాను. అన్నాను కూడా, పైకి, అత్తగారు వినేలా.

బుధవారం వాన మొదలైంది. గురువారం పొద్దున్నకి గోదావరి గట్టు అంచు తడుముతోంది. రేవు మూసేశారు. దాటలేక ఆగిపోయినవాళ్లు పదకొండు మంది మా అరుగు మీద చేరారు. అందులో ఒకాయన మాకు ఇల్లిచ్చిన పెద్దల్లోవాడే, కచేరీ పని మీద బయల్దేరి చిక్కుకున్నాడు. ఆయన్ని చూసి నేను లోలోపల సంతోషించానంటే నమ్ముతారా? చూడనీ, నా ఇంట్లో ఏం లోటుందో చూడనీ అనుకున్నాను. మధ్యాహ్నం పప్పు, పులుసు, రెండు కూరలు వడ్డించాను. ఆయన రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు.

సాయంత్రం, రాత్రి వంట దించేసరికి నీళ్లు వంటింట్లోకి వచ్చాయి. ముందు పొయ్యిలు మునిగాయి. మా ఇంట్లో నిప్పు ఉండేది వంటింటి ఎత్తు మూలనున్న దాలిలో. నేలలో చిన్న గొయ్యి తీసి, పిడకల మీద ఊక కప్పి, దాని మీద పాలకుండ పెట్టేవాళ్లం. ఆ నిప్పు ఆరడమనేది ఎరగం. పొయ్యి కావాలంటే అందులోంచే తీసేవాళ్లం. నీళ్లు దాలి దగ్గరికి వస్తున్నాయని కుంపటిలోకి ఎత్తి రోలు మీద పెట్టాను. పెరటి అరుగు చివర ఇటుకలు పేర్చి కొత్త పొయ్యి కూడా వేశాను. నా తెలివికి నేనే మెచ్చుకుంటూ ఉండగా గాలి కొట్టింది. వంటింటి కప్పు ఒక మూల ఎగిరి, మీదనున్న నీళ్లన్నీ ఒక్కసారిగా కుంపట్లో పడ్డాయి. బుస్సుమంది, అంతే. దేవుడి దీపం ఉంది కదా అని పరిగెత్తాను. అదే గాలికి అదీ పోయింది.

బియ్యానికి ముగ్గుర్ని పెట్టాను. ఆకులకి ఇద్దర్ని. కట్టెలు రెండు చోట్ల దాచాను. నిప్పుకి మాత్రం ఎవర్నీ పెట్టలేదు. అది కూడా సరుకేనని, అది కూడా అయిపోతుందని నా బుర్రకి తట్టలేదు. ఇంట్లో నెయ్యి ఉంది, పప్పు ఉంది, ఎండు కట్టెలు అటక నిండా ఉన్నాయి. వాటిని చూసి నెత్తి కొట్టుకున్నాను, నిజంగానే కొట్టుకున్నాను.

గట్టు మీద ఇంకో నాలుగిళ్లు ఉన్నాయి. అందరి పొయ్యిలూ మునిగాయి. ఊళ్లోకి వెళ్లాలంటే మధ్యలో నడుం పైదాకా సుడి తిరిగే నీళ్లు. ఒక గుమాస్తా దగ్గర చెకుముకి రాయి ఉంది గాని, దూది తడిసి ముద్దయింది. శుక్రవారం పొద్దున్నంతా పొడి పీచు పెట్టి కొట్టాను. వేళ్లు చెక్కుకుపోయాయి, రవ్వలు పడుతున్నాయి గాని, ఆ తేమగాలికి పీచు అందుకోలేదు. ఆ పూట అటుకులు, బెల్లం, కొబ్బరి పెట్టాను. అటుకులు అంతటితో సరి.  పెద్దాయన తిని, చేయి కడుక్కుని, నన్ను పిలిచాడు.

"అమ్మా, పొద్దున్న ఫలహారం అనుకుని సరిపెట్టుకున్నామండి. దీపాలవేళకి కూడా పొయ్యి వెలగకపోతే, నేను చూసి కూడా చూళ్లేదని చెప్పలేను కదండీ" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బావుండేది. నేను తల ఊపి లోపలికి వచ్చాను. అత్తగారు తడిసిన గోడకి ఆనుకుని కూర్చుని తన రెండు చీరలూ మూట కడుతోంది. ఏమిటది అన్నాను. "ఏం లేదే, తడుస్తాయని" అంది. ఆ చీరలు అప్పటికే తడిసి ఉన్నాయి. ఆవిడ సర్దుకుంటోంది. అరవై రెండేళ్ల మనిషి, కన్నకొడుకు ఇంటికి పోవాలంటే అలా మొహం పాలిపోయి మూట కట్టుకుంటోంది. నాకు ఏడుపు రాలేదు.  మళ్లీ రాయి తీసుకుని కొట్టాను. దేవుణ్ణి తిట్టాను. ఎవరో వినిపించుకుంటారన్నట్టు అటకని, కట్టెల్ని, గోదావరిని కూడా తిట్టాను.

పొద్దు వాలుతుండగా పెరటివైపు నీళ్లు చిందుతున్న చప్పుడైంది. ఆకుల మనిషి. మోకాలి లోతు నీళ్లలో, నెత్తిన ఆకుల మోపుతో, వానలో నడిచి వస్తోంది. ఇంత వరదలో ఎలా వచ్చావే అన్నాను. మోపు పెరటి అరుగు మీద దించింది. ఆకులకి మాట్లాడిన రెండో ఇంటివాళ్లు రాలేదు. ఈమె పడవ గట్టు తాడిచెట్లకి కట్టి ఉందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆమె పెదవుల సందునుంచి సన్నగా పొగ వస్తోంది.

పడవల ఆడవాళ్లు కొందరు చుట్ట తిరగేసి కాలుస్తారు. వెలిగించిన కొస నోట్లో ఉంటుంది, చల్లటి కొస బయట. అడ్డపొగ అంటారు. గాలికీ వానకీ ఆరదు. అది నాకు తెలుసు, చూసి మొహం తిప్పుకున్నదాన్నే. ఇప్పుడు మొహం తిప్పుకోలేదు. గట్టు మీద ఎక్కడా లేని నిప్పు ఆ మనిషి నోట్లో ఉంది.

ఎంగిలి. పడవ మనిషి నోట్లోని ఎంగిలి నిప్పు. దాంతో పొయ్యి వెలిగించి, పదకొండు మంది బ్రాహ్మలకి మడివంట పెట్టాలి. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఆ పొగని చూసింది, నన్ను చూసింది. అంతా అర్థమైంది ఆవిడకి. మూట ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"నాకీమధ్య కళ్లు కనబడ్డం లేదే అమ్మాయ్" అంది. ఆ పొద్దున్నే ఆ కళ్లతోనే అటుకుల్లో మెరికలు ఏరింది.

నేను కొబ్బరి చిప్పలో పొడి పీచు పెట్టి ఆకుల మనిషి ముందుకి జరిపాను. "ఆ నిప్పు కొంచెం ఇందులో రాల్చవే" అన్నాను. ఆమె కదల్లేదు. చుట్ట నోట్లోంచి తీసి, అరచేయి అడ్డం పెట్టి, నావైపు చూసింది.

"ఇయ్యాల సుక్కురారం కదండి అమ్మగారూ, దీపాలేళండి" అంది.

ఎత్తిపొడిచినట్టు లేదు. గుర్తుచేసినట్టు ఉంది. ముందు నాకు అర్థం కాలేదు, తర్వాత అయింది. నిరుటి శుక్రవారం, ముసురు, ఆ మూకుడు.  ఆమె ఇంక వెళ్లిపోతుంది, వెళ్లిపోవడమే న్యాయం అనుకున్నాను. నేను రెండు చేతులూ జోడించాను. ఒక పడవ మనిషికి నేను దండం పెడతానని అంతకుముందు ఎవరైనా అంటే వాళ్లని చీపురు తిరగేసి కొట్టేదాన్ని. ఆమె నా చేతులవైపు చూడలేదు. వంగి, చుట్ట కొసని పీచులో అదిమి, పొడినిప్పు రాల్చింది.

ఊదాను. ఆమె నోటి నిప్పు, నా నోటి గాలి. పొగ లేచింది, మళ్లీ పోయింది, మళ్లీ లేచింది. పీచు అంటుకుంది. డొక్క అంటుకుంది. అరుగు చివర ఇటుకల పొయ్యి భగ్గుమనేసరికి ముందువైపు ఎవరో "హమ్మయ్య" అనడం వినబడింది. ఎసరు పెట్టాను. చేతులు వాటంతట అవే బియ్యం కడుగుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పొగ అనుకోవచ్చు.

ఆమె చూరు కింద వాన తగ్గేదాకా నిలబడి ఉంది. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకోబోతుంటే, అంగిలి కాలి తెల్లగా పుండై ఉండడం కనిపించింది. ఈ అలవాటు నీకు ఎప్పట్నుంచే అని అడిగాను. నిరుడు ఆమె నోట్లో చుట్ట చూసిన గుర్తు నాకు లేదు.

"నిరుడు సావనం నించేనండి" అంది. "మీరు తెల్లారి రమ్మన్నాక ఊళ్లోకెళ్లేనండి. సుక్కురారవని ఎవురూ ఇయ్యలేదండి. కొత్తపేట దారిన పోయి పోయి ఎవురో బాటసారి కాడ తెచ్చేనండి. నేనొచ్చేతలికి పుట్టిన పిల్ల సల్లబడిపోయిందండి. ఆడపిల్లండి. ఇంక ఎవుర్నీ అడగక్కర్లేకుండా నిప్పు నా నోట్లోనే ఎట్టుకుంటన్నానండి."

చెప్పి, చుట్ట నోట్లో పెట్టుకుంది.   పది రోజులు ఆకులు తేలేదని నేను దులిపిన మాటలు ఒక్కొక్కటీ నాకు వినబడుతున్నాయి. ఎసరు మరిగింది, బియ్యం పొయ్యాలి. నేను పొయ్యి దగ్గరికి వచ్చేశాను.

వాళ్లు ఆమె ఆకుల్లోనే తిన్నారు. పెద్దాయన పొగ వాసన తగిలిన అన్నం భలే కమ్మగా ఉందన్నాడు. ఇంత వరదలో పొయ్యి వెలిగించారంటే సామాన్యం కాదు, మీ ఇంటికి ఇంక ఎవరూ అడ్డుచెప్పరన్నాడు. అత్తగారు మూట విప్పి చీరలు దండెం మీద ఆరేసింది. ఆ మర్నాడు ఆ పొయ్యి మీద వండిన అన్నమే పెరుగు కలుపుకుని తింది. ఎంగిలి మాట మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. ఇల్లు నిలిచింది. గెలిచానని నాకు అనిపించలేదు. నిరుటి మాటకి సిగ్గుపడుతూనే వడ్డించాను, సిగ్గుపడుతూనే ఇంకా చాలా ఏళ్లు వండాను.

వరద తీశాక నిప్పుని కూడా సరుకుల్లో చేర్చాను. మా దాలి కాక, ఎత్తు మీదున్న కుమ్మరింట్లో ఒకటి, ఊరి చివర ఇంకో ఇంట్లో ఒకటి, మా పిడకలతో మా కోసం ఆరకుండా ఉంచేవారు. శుక్రవారాలు దీపాలవేళ మా పెరటి గుమ్మం బయట కుంపటి నిండా నిప్పులు పోసి పెట్టేదాన్ని. ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరైనా పట్టుకుపోవచ్చు. లక్ష్మి వెళ్లిపోతుందేమోనని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. వెళ్తే వెళ్లనీ అన్నాను, ఇద్దరు విధవలున్న ఇంట్లో ఆవిడ ఎప్పుడు కాలు పెట్టిందని!

పడవలవాళ్లు, దారినపోయేవాళ్లు, పురిటిళ్లవాళ్లు చాలామంది పట్టుకెళ్లారు. మా నాన్నగారి పుణ్యమా అని నాలుగక్షరాలు వచ్చు గనక ఇదంతా రాసిపెడుతున్నాను. ఆకుల మనిషి ఇంకా పదిహేనేళ్లు మాకు ఆకులు తెచ్చింది, ఒక్క రోజు తప్పలేదు. శుక్రవారాలు కూడా ఆ కుంపటి పక్కనుంచే నడిచి, మోపు దించి, వెళ్లేది. చుట్ట నోట్లోనే ఉండేది. ఆ కుంపట్లోంచి ఆమె ఒక్కసారి కూడా నిప్పు తీసుకోలేదు.